ముందు కూలి లెక్క తేల్చండి, డ్రాగన్ సంగతి తర్వాత

ఊహాలోకంలో ఆట ఆడించేవాళ్ళు చాలామంది పటం గీయడంతో మొదలుపెడతారు. కొండలు, అడవి, పాడుబడ్డ కోట, దాని కింద సొరంగం. అది తప్పు. ముందు ఆ ఊళ్ళో మూట మోసేవాడి రోజు కూలి ఎంతో రాసుకోండి. దానికి ఎన్ని రొట్టెలు వస్తాయో రాయండి. ఇంటద్దె రాయండి. ఇవన్నీ తేలాక కాగితం మీద చోటు మిగిలితే అప్పుడు కొండలు గీసుకోవచ్చు.

ఏడేళ్ళుగా ఆదివారం ఆదివారం మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. ఎవరి పాత్ర తరఫున వాళ్ళు మాట్లాడతారు, పాచికలు వేస్తారు. మిగతా లోకమంతా ఆట నడిపే డీఎం నోట్లోంచి రావాలి. లోకమంతా నా నోట్లోంచి వస్తున్నప్పుడు అందులో కూలివాడి కడుపు నిండిందో లేదో చూసుకోవలసిందీ నేనే.

మా నాన్న తాపీ మేస్త్రీ. శనివారం సాయంత్రం బట్వాడా. ఆ డబ్బు అమ్మ చేతిలో పడ్డ అరగంటలో కిరాణా కొట్టు ఖాతాకు కొంత, పాలవాడికి కొంత, ఇంటాయనకు కొంత పోయేది. మిగిలిన చిల్లర ఆమె పోపులడబ్బాలో వేసి మూత నొక్కేది. ఆ మూత చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే 2014లో వచ్చిన ఆట పుస్తకంలో ధరల పేజీ తెరిచినప్పుడు నా కళ్ళు కత్తుల మీద ఆగలేదు, కూలి మీద ఆగాయి. ఏ పనీ నేర్వని మనిషికి రోజుకు 2 వెండి నాణేలు. పేదగా బతకడానికి రోజు ఖర్చు కూడా సరిగ్గా 2 వెండి నాణేలే. మరి పెళ్ళాం? పిల్లలు? ముసురు పట్టి పని ఆగిన రోజు? ఇంకోచోట, ప్రయాణానికి కట్టుకెళ్ళే ఎండుతిండి ఒక రోజుది 5 వెండి నాణేలట. రెండున్నర రోజులు ఒళ్ళు విరుచుకుంటే ఒక రోజు తిండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అదే పుస్తకంలో ఒంటినిండా తొడిగే ఉక్కు కవచం 1,500 బంగారు నాణేలు. బంగారు నాణేనికి పది వెండి. అంటే 7,500 రోజుల కూలి, ఒక్క సెలవూ లేకుండా ఇరవై ఏళ్ళు దాటుతుంది. వీరుడు దాన్ని ఒంటి మీద వేసుకుని తిరుగుతూ సత్రంలో కూలివాడి పక్కనే కూర్చుంటాడు. మీ బల్ల దగ్గర ఒక నియమం పెట్టండి. కవచం తొడిగిన ప్రతిసారీ ఆ ఆటగాడు లేచి నిలబడి "ఏడువేల అయిదువందల రోజుల కూలి తొడుక్కుంటున్నాను" అని పైకి చెప్పాలి. చెప్పకపోతే కవచం లెక్కలోకి రాదు, దెబ్బ ఒంటికే తగులుతుంది. రెండో నెలకల్లా అందరికీ అలవాటైపోతుంది.

పనితనానికీ మోతపనికీ మధ్య తేడా కూడా సరిచేయాలి. పుస్తకం ప్రకారం పనివాడికి రోజుకు 2 బంగారు నాణేలు, అంటే కూలికి పదింతలు. ఎక్కడైనా ఉందా ఇది? ఇంగ్లండులో ప్లేగు ఊళ్ళను ఊడ్చేశాక, 1351 నాటి కూలీల చట్టం పెద్ద మేస్త్రీకి రోజుకు 4 పెన్నీలు, తాపీ పనిలో చేతికింద మనిషికి ఒకటిన్నర పెన్నీ మించకూడదంది. మూడింతలు కూడా కాదు. అక్బరు కాలపు లెక్కలు ఐన్-ఎ-అక్బరీలో ఉన్నాయి: మొదటి రకం వడ్రంగికి 7 దాములు, మామూలు కూలికి 2. మా నాన్న కూలి కూడా పక్కన మాలు అందించే మనిషి కూలికి రెట్టింపు ఉండేది కాదు. కాబట్టి మీ ఆటలో పనివాడి రేటు 6 వెండి నాణేలు దాటనివ్వకండి. ఆటగాళ్ళలో ఎవరి పాత్రకైనా కమ్మరపని వస్తే పాత జీతం వెనక్కి రాబట్టండి.

ఇక కూలివాడి రేటు. అది పెంచేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది, కానీ పెంచకండి. పెంచితే కష్టం కనబడకుండా పోతుంది. దానికి బదులు ఇంటింటి పద్దు రాయండి. నేను మా ఊహా ఊళ్ళో 47 ఇళ్ళకు రాశాను. ఏ ఇంట్లో ఆడమనిషి నూలు వడుకుతుంది, ఏ పిల్లాడు బాతులు కాస్తాడు, ఎవరి మేక ఎప్పుడు ఈనుతుంది, ఎవరు ఎవరికి బాకీ. నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆట ఆపాను. మీరూ ఆపండి. పద్దు లేని ఇంటి తలుపు తట్టినప్పుడు లోపలినుంచి పలికేది మనిషి కాదు.

రొట్టె ధర పెంచకండి, బరువు తగ్గించండి. మధ్యయుగపు ఇంగ్లండులో చట్టమే అలా ఉండేది: పెన్నీ రొట్టె ఎప్పుడూ పెన్నీయే, ధాన్యం ధర పెరిగితే రొట్టె చిన్నదయ్యేది. మా బల్ల మీద వంటింటి త్రాసు ఉంటుంది. ప్రతి సెషన్ మొదట్లో పంట ఎలా ఉందో పాచిక వేసి, ఆ వారం రొట్టె బరువుకు తగ్గ పిండిముద్ద తూచి బల్ల మధ్యలో పెడతాను. ఆకలిని కళ్ళతో చూడాలి. ఆట అయ్యేదాకా దాన్ని అక్కడే ఉంచుతాను.

డబ్బే అన్నిటికీ చెల్లదని కూడా నేర్పాలి. మన పల్లెల్లో కమ్మరికీ కుమ్మరికీ కళ్ళం దగ్గర మేర ఇచ్చేవారు. ఏడాదంతా పని, పంటకు గింజలు. మా ఆటలో కమ్మరి కూడా అంతే. వీరుడు కత్తి పదును పెట్టమని బంగారం చూపిస్తే, "మీకు ఈ ఊళ్ళో కళ్ళం ఎక్కడుంది బాబూ?" అంటాడు. కోతల దాకా మొద్దు కత్తితోనే తిరగాలి. ఒక కుర్రాడికి ఇది చాలా కోపం తెప్పించింది. తెప్పించాలి కూడా.

కూలీలను కుదుర్చుకోవడం ఒక్క మాటలో తేల్చకండి. ప్రతి ఊళ్ళో ఒక అడ్డా పెట్టండి. తెల్లారకముందే వెళ్ళినవాళ్ళకు గట్టి మనుషులు దొరుకుతారు. ఎండెక్కాక వెళ్తే మిగిలేది ముసలివాళ్ళే. బేరం మాట మాటకీ నడవనివ్వండి. ఒకసారి మావాళ్ళకు పాడు గుడిలో 3,000 బంగారు నాణేలు దొరికాయి. యాభై నాణేలు ఒక పౌను, అంటే అరవై పౌన్లు, ఇరవై ఏడు కిలోలు. మోయడానికి ఇద్దరిని కుదుర్చుకున్నారు. ఒకతను అడిగాడు: "దారిలో నేను పోతే మా ఇంటిదానికి ఎవరిస్తారండీ?" మంత్రగాడు నవ్వాడు. నేను ఆట ఆపేశాను. ఆ కూలివాడి భార్యగా నేనే కూర్చుని రెండున్నర గంటలు మాట్లాడాను. చివరికి నాలుగు వందల రోజుల కూలి రాసిచ్చారు, వేలిముద్రలతో. ఈ ఏడేళ్ళలో మేం ఆడిన గొప్ప పోరాటం అదే.

మంత్రాల విషయంలో దయ చూపకండి. గుడ్‌బెర్రీ అనే మొదటి మెట్టు మంత్రంతో పది పళ్ళు పుడతాయి, పండుకు ఒక మనిషికి రోజంతా తిండి. మెండింగ్ అనే మంత్రం నిమిషంలో చిరుగు అతికేస్తుంది. ఊళ్ళో ఒక్కడికి ఇవి వచ్చినా రొట్టెల భట్టీ చల్లారిపోతుంది, దర్జీ వీధిన పడతాడు. నేను రెండూ నిషేధించాను. మూడో మెట్టులో పదిహేనుమందికి తిండి పుట్టించే మంత్రం ఇంకోటుంది, దాని పేరు మా ఇంట్లో ఎత్తం.

డ్రాగన్ నిధి దొరికితే సంతోషపడనివ్వకండి. 1324లో మాలీ రాజు మన్సా మూసా హజ్‌కు వెళ్తూ కైరోలో బంగారం విచ్చలవిడిగా పంచాడు. బంగారం విలువ పడిపోయింది. పన్నెండేళ్ళ తర్వాత అక్కడికి వెళ్ళిన అల్ ఉమరీ అది ఇంకా కోలుకోలేదని రాశాడు. మీ వీరులు నిధితో ఊళ్ళోకి వచ్చిన మర్నాడే రొట్టె సగానికి తగ్గాలి, అద్దె రెట్టింపవాలి. జనం వాళ్ళ గుమ్మం ముందు ఊరికే నిలబడాలి, ఏమీ అనకుండా.

ప్రతి ఆటగాడికీ ఎర్ర అట్ట పద్దు పుస్తకం కొనివ్వండి. సెషన్‌లో మొదటి గంట చిట్టాకే. ఒకసారి ఒకబ్బాయి "ఇది ఆటా, ఆడిటా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఇంకొందరూ మానేశారు. బాధే, వాళ్ళంటే నాకు ఇష్టం. కానీ వాళ్ళను ఉంచుకోవడానికి 47 ఇళ్ళవాళ్ళను పస్తు పెట్టలేను. ఇప్పుడు ఉన్న ఇద్దరూ రాగి నాణెం తేడా లేకుండా లెక్క చూపిస్తున్నారు.

పోయిన వారం వాళ్ళు మొత్తానికి డ్రాగన్ గుహ ముందుకు చేరారు. లోపల వెలుగు కదులుతోంది. ఇద్దరూ పాచికలు చేతిలోకి తీసుకున్నారు. అప్పుడు వెనకనుంచి లాంతరు మోసే కూలివాడు గొంతు సవరించుకుని, ఇవాళ శనివారమని గుర్తుచేశాడు. ఆరు రోజులకు 12 వెండి నాణేలు. వీళ్ళ దగ్గర ఉన్నవన్నీ బంగారు నాణేలు. చిల్లర లేదు. ఉంచుకోమన్నారు. అతను ఒప్పుకోలేదు, అంత పెద్ద నాణెం ఇంటికి తీసుకెళ్తే దొంగతనమంటారని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పాచికలు కింద పెట్టారు. చిల్లర దొరికే ఊరు రెండు రోజుల నడక. ఈ ఆదివారం అక్కడికి బయలుదేరుతున్నాం.