ఎత్తుదారి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

సైకిల్ మీద కొలువుకు పోయేవాడికి రెండు దార్లున్నప్పుడు, కొండదారి నిత్యవిధా, నైమిత్తికమా అని కవి ఈ పద్యంలో విచారిస్తున్నాడు. అధికారి ఎవరంటే, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో కాపురం, వన్‌టౌన్‌లో ఉద్యోగం ఉన్నవాడు. విషయం: ఆ రెంటి నడుమ అడ్డంగా కూర్చున్న వాల్తేరు అప్‌ల్యాండ్స్. ప్రయోజనం: పొద్దున చొక్కా చెడకపోవడం, సాయంత్రం ఒళ్లు వంగడం. మూలంలో లేనిది రాయనని మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఈ టీకాకారుడికి అంత నియమం లేదు.

మూలం

ఎత్తు దారి యొకటి యేటవాలుగ నుండు,
చుట్టు దారి యొకటి చూడ సమము;
పనికి నేగు వేళ పల్లమే మేలగు,
నింటి కేగు వేళ నెత్తు మేలు!

టీక

ఎత్తు దారి = మద్దిలపాలెం మీదుగా సిరిపురం ఎక్కి జగదాంబ వైపు దిగేది; ఏటవాలుగన్ ఉండు = బస్సులో పోయేవాడికి తెలియనిది, సైకిల్ వాడు మరవనిది; చుట్టు దారి = లాసన్స్ బే దగ్గర బీచ్ రోడ్డు పట్టుకుని, కురుసురా జలాంతర్గామి ముందు నుంచి, ఆర్కే బీచ్ మీదుగా పోయేది; చూడన్ = కంటికి మాత్రం; సమము = బల్లపరుపు; పనికిన్ ఏగు వేళన్ = ఇస్త్రీ చొక్కా ఒంటిమీద ఉన్న సమయంలో; పల్లము = సముద్రాన్ని విడవని దారి; ఇంటికిన్ ఏగు వేళన్ = ఆ చొక్కా ఎలాగూ ఉతుక్కి పోయే సమయంలో; ఎత్తు మేలు = కొండే మంచిది.

తాత్పర్యం

పోయేటప్పుడు బీచ్ రోడ్డున పోవాలి, వచ్చేటప్పుడు సిరిపురం ఎక్కి రావాలి. ఆఫీసులో ఎదురయ్యేది హాజరు పట్టీ, ఇంట్లో ఎదురయ్యేది బకెట్టు నీళ్లు. కొండను నీళ్లున్న వైపుకు జరపమని కవి హృదయం.

విశేషాలు

చెమట లెక్క: మనిషి, సైకిల్, సంచి కలిపి 80 కిలోలు, ఎక్కింది 50 మీటర్లు అనుకుందాం. కొండకు చెల్లించాల్సిన పని 39 కిలోజౌళ్లు. కండరాలు తమకందిన శక్తిలో సుమారు పావు వంతే పనిగా మారుస్తాయి, తక్కినదంతా వేడి. మొత్తం ఖర్చు 40 కిలోక్యాలరీలకు అటూ ఇటూ, అంటే ఒక చిన్న ఇడ్లీ. ఇంటికొచ్చి నాలుగు పూరీలు లాగించి కొండను సాక్ష్యానికి పిలవడం శాస్త్రసమ్మతం కాదు.

ఇక ఆ వేడి పోవడానికి 50 మిల్లీలీటర్ల చెమట ఆవిరైతే చాలు. విశాఖ గాలిలో తేమ జాస్తి గనక అది తొందరగా ఆవిరి కాదు. ముందు సంచి పట్టీల కింద, తర్వాత వీపు నడిమిన చొక్కాను పట్టుకుంటుంది. పైగా ఎక్కేవాడు గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించి కదలడు, ఒంటికి గాలి తగలదు. బల్లపరుపు మీద ఇరవై వేగంతో పోయేవాడికి తన వేగమే విసనకర్ర. కవి ఉదయానికి పల్లాన్ని విధించడంలో మర్మం ఇదే.

గేరు విచారం: కవి గేర్ల ఊసెత్తలేదు. పాతకాలపు నల్ల సైకిల్‌కు పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి ఐదారు మీటర్లు పోతుంది. గేర్ల సైకిల్ చిన్న గేరులో రెండు మీటర్లు పోతే చాలంటుంది. మోకాళ్ల మీద పడే భారంలో తేడా అంతా అక్కడుంది. పూర్వాచార్యుల ఆచారం చూస్తే, టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు 1910లోనే పందెగాళ్లను టూర్మలే కనుమ ఎక్కించారు గాని, గొలుసును పంటిచక్రం నుంచి పంటిచక్రానికి మార్చే గేరును 1937 దాకా రానివ్వలేదు. అందాకా కొండ మొదట్లో దిగి, వెనక చక్రాన్ని ఊడదీసి, అటుది ఇటు తిప్పి బిగించుకునేవారు. మహామహులే దిగారు గనక, గేరు లేనివాడు సిరిపురం ఎత్తులో దిగి బండి నెట్టుకుపోవడం శిష్టాచారమే. ఎవరైనా చూస్తే ఫోనొచ్చినట్టు నటించనక్కరలేదు.

శంక

సాయంత్రం నైరుతి గాలి వీపున తోస్తుండగా, బీచ్ రోడ్డున హాయిగా రాక కొండెందుకు?

సమాధానం

‘చూడ’ అని కవి ఊరికే అనలేదు. వేసవి మొదలు వానాకాలం చివరిదాకా ఈ తీరాన నైరుతి గాలిదే పెత్తనం. వన్‌టౌన్‌కు పోయేవాడికి అది ఎదురు. కాకపోతే పొద్దున్నే ఇంకా పుంజుకోదు, ఆలస్యంగా లేచినవాడికి మాత్రం బల్లపరుపే కొండవుతుంది. సాయంత్రం ఆ గాలి వెనక నుంచి తోసే మాట నిజమే. అయితే అప్పుడు బీచ్ రోడ్డు మొక్కజొన్న పొత్తులవాళ్లది, సెల్ఫీలవాళ్లది, రోడ్డు మధ్యకు బంతి తన్నే పిల్లలది. గాలి ఇచ్చిన వేగాన్ని బ్రేకులు మింగేస్తాయి. కొండ మీద ఎవరూ అడ్డం రారు. వచ్చినా, ఆ వేగానికి ఆగడం కష్టం కాదు.

అపవాదం

వానలో ఎత్తు నిషిద్ధం. ఎక్కడానికి కాదు, దిగడానికి. రిమ్ము తడిస్తే బ్రేకు నొక్కిన వెంటనే పట్టదు, షూలు ముందు నీళ్లు తుడిచి ఆ తర్వాత పని మొదలుపెడతాయి. ఈలోగా మద్దిలపాలెం వచ్చేస్తుంది. డిస్కు బ్రేకులవాళ్లు తమ పూచీ మీద పోవచ్చు.

పాఠాంతరం

కాపురం బీచ్ రోడ్డున, ఆఫీసు సిరిపురంలో ఉన్నవారు మూడో పాదాన్ని ‘పనికి నేగు వేళ నెత్తు’ అని చదువుకుంటారు. వీరికి చుట్టు దారి లేదు. పాండురంగాపురం డౌనో, కేజీహెచ్ డౌనో, ఏదో ఒకటి ఎక్కాల్సిందే. సొరుగులో రెండో చొక్కా, చిన్న తువ్వాలు పెట్టుకోవడమే వీరికి ప్రాయశ్చిత్తం. ఈ పాఠాన్ని మాత్రం మేము గ్రహించలేదు. ఇందులో యతీ చెడుతుంది, చొక్కా చెడుతుంది.