ఊరు తిరగని ఉద్యోగం

మా అవనిగడ్డలో ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా 'గదులు అద్దెకు ఇవ్వబడును' బోర్డులే. డీఎస్సీ కోచింగ్ కోసం శ్రీకాకుళం నుంచి, సీమ నుంచి పిల్లలు వచ్చి నలుగురైదుగురు కలిసి ఒక గదిలో ఉంటున్నారు. 2025లో పదహారు వేల పైచిలుకు టీచరు పోస్టులకు పరీక్షలు జరిగినప్పుడు ఊళ్లో సందు లేదు. అటు హైదరాబాదు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లదీ ఇదే కథ. మా వీధిలో ఉన్న ఒక అమ్మాయిని అడిగాను, "ఇంత చదువు చదివావు, గవర్నమెంటు ఉద్యోగమే ఎందుకమ్మా?" అని. "ఒక్కసారి వస్తే ఇంక భయం ఉండదు కదా తాతయ్యా" అంది.

ఆ మాటను నేను తప్పు పట్టను. మేమూ అందుకే చేరాం. నెల తిరిగేసరికి జీతం, రిటైరయ్యాక పింఛను, చెల్లెలి పెళ్లికి పీఎఫ్ లోను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరిన రోజున నా బుర్రలో ఇంతకుమించి ఏమీ లేదు. నాతోపాటు చేరినవాళ్లలోనూ ప్రజాసేవ కోసం వచ్చానన్న మనిషి ఒక్కడు లేడు. ఇప్పటి పిల్లలకు ఆ భద్రత కూడా తగ్గింది. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లకు పాత పింఛను లేదు. అయినా ఏళ్లకు ఏళ్లు పుస్తకాల మీద కూర్చుంటున్నారంటే వాళ్ల ఓపికకు దణ్ణం పెట్టాలి.

నా బాధల్లా చేరిన తర్వాత సంగతి గురించే. తిండి కోసం వచ్చిన మమ్మల్ని ఉద్యోగమే మనుషుల్ని చేసింది. ఇప్పుడు ఉద్యోగం ఎవరికీ ఏమీ నేర్పడం లేదు.

మా రోజుల్లో తాలూకా ఆఫీసంటే సగం కాలం ఆఫీసు బయటే. కరణం రాసిన పంట లెక్కను రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్‌ఐ) కొంత, తహసీల్దారు కొంత పొలంలోకి దిగి సరిచూడాలి. దాన్నే అజమాయిషీ అనేవాళ్లం. ఫసలీ, అంటే రెవెన్యూ ఏడాది, ముగిశాక జమాబందీ. ఊరూరి కరణాలు లెక్కల కట్టలు మోసుకొచ్చేవారు. పెద్ద అధికారి కూర్చుని పంట లెక్కల పుస్తకం అడంగల్‌ను పేజీ పేజీ తిప్పి, వసూలు లెక్కతో కలిపి చూసి, తేడా ఉంటే అందరి ముందే నిలదీసేవాడు. అర్జీ పట్టుకుని వచ్చిన రైతు అక్కడే తన గోడు చెప్పుకునేవాడు. కొత్తగా చేరిన మేము పక్కన నిలబడి కాగితాలు అందిస్తూ అన్నీ వినేవాళ్లం. అదే మా ట్రైనింగు.

గట్టు తగాదా ఒకటి చెప్తాను. అన్నదమ్ములిద్దరు. మధ్య గట్టు జరిగిందని ఒకడు, జరగలేదని ఒకడు. తాలూకా సర్వేయరు గారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. పొలం కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో ఆ సర్వే నంబరు పటం తీసి చూపించి, "ఇది జి లైను, దీనికి అడ్డంగా ఉన్న అంకెలన్నీ ఆఫ్‌సెట్లు, లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, గొలుసు అరవై ఆరు అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. గుర్తు పెట్టుకో అబ్బాయ్" అన్నారు. పటం ప్రకారం హద్దు రాయి ఉండాల్సిన చోట తుమ్మ మొక్క మొలిచి ఉంది. పలుగుతో తవ్విస్తే మూరెడు లోతున రాయి తగిలింది. అప్పుడాయన గొలుసు ఒక కొస అన్న చేతికిచ్చారు, రెండో కొస తమ్ముడి చేతికిచ్చారు. మా బిళ్ల బంట్రోతు పట్టుకోబోతే వద్దన్నారు. కొలిచినంతసేపూ లింకులు ఆ ఇద్దరి చేతే పైకి లెక్కపెట్టించారు. ఎవరిది తప్పో ఆయన నోటితో చెప్పనే లేదు. సాయంత్రానికి తమ్ముడే గట్టు మీద నిలబడి "సరే, ఇక్కడ రాయి పాతండయ్యా" అన్నాడు. ప్రభుత్వం మాట జనం ఎందుకు నమ్మాలో, ఎలా నమ్మించాలో ఆ మధ్యాహ్నం నాకు అర్థమైంది. ఏ పోటీ పరీక్ష పుస్తకంలోనూ ఆ పాఠం లేదు.

ఇక 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన గురించి ఈ ప్రాంతం వాడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ లెక్కలోనే పదివేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు నీళ్లు తీశాక కుర్ర గుమాస్తాలందరినీ అటు పంపారు. నా పని చనిపోయినవాళ్ల జాబితా రాయడం. పేరు, తండ్రి పేరు, వయసు, సాక్షి. రాస్తుంటే తెలిసింది, చెప్పడానికి మనిషి మిగలని ఇళ్లు ఉన్నాయని. పక్కింటివాళ్లు, వరసైనవాళ్లు వేళ్లు మడిచి గుర్తు చేసుకుంటూ చెప్పేవారు. "ఆళ్లకి చంటిపిల్ల కూడా ఉంది బాబూ, పేరు ఇంకా పెట్టలేదు" అని ఒక ముసలామె అంది. పేరు లేని పిల్లను ఏ గడిలో రాయాలి? మా డిప్యూటీ తహసీల్దారు గారు "ఆడపిల్ల, ఫలానా వారి కూతురు అని రాయి, వదిలెయ్యకు" అన్నారు. జాబితాలో లేని మనిషి ప్రభుత్వం దృష్టిలో పుట్టనట్టే, పోనట్టే. అప్పట్నుంచి సర్వీసు ముగిసేదాకా నా చేతి మీదుగా పోయిన ఏ జాబితానూ రెండోసారి చదవకుండా పైకి పంపలేదు.

ఆ నేర్పు వృథా పోలేదు. 1990 మే 9న మళ్లీ ఇదే కృష్ణా తీరం మీదకు పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. హెచ్చరికలు మెరుగయ్యాయి, షెల్టర్లు లేచాయి, నిజమే. కానీ గూడెంలోకి వెళ్లి కదలనన్న ముసలాయన్ని చెయ్యి పట్టుకుని లారీ ఎక్కించినవాళ్లు ఎవరు? ఉప్పెనలో శవాల మధ్య తిరిగిన గుమాస్తాలు, ఆర్‌ఐలు. ఎవరి ఆర్డరూ వాళ్లకు అక్కర్లేకపోయింది.

పై స్థాయిలోనూ అలాంటి మనుషులు ఉండేవారు. ఎస్.ఆర్. శంకరన్ గారు 1957 బ్యాచ్ ఐఏఎస్. పెళ్లి చేసుకోలేదు, జీతంలో పెద్ద భాగం పేదపిల్లల చదువులకే పోయేది. వెట్టిచాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడానికి చట్టం ఉన్నది ఉన్నట్టు అమలు చేయమని పట్టుబట్టి, అందుకు ఇబ్బందులూ పడ్డారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో ఆయన పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆఫీసర్లు కారు, పేదలు. ఇప్పుడు? మంచిపని చేసే ఆఫీసరు పక్కన కెమెరా ఉండాల్సిందే. ముసలమ్మకు పింఛను ఇస్తూ ఒక రీలు, బడిలో భోజనం రుచి చూస్తూ ఒక రీలు. ఆ ముసలమ్మను అడిగి తీస్తున్నారా? అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పాతదంతా బంగారం అని నేననను. కరణం కలం పోటుకు పొలాలు పోగొట్టుకున్న బీదవాళ్లను చూశాను. 1984లో ఎన్టీఆర్ కరణాల, మునసబుల వ్యవస్థ తీసేసినప్పుడు ఊళ్లలో ఎంతమంది ఊపిరి పీల్చుకున్నారో నాకు తెలుసు. మా ఆఫీసులో ఆడవాళ్లు ఒకరో ఇద్దరో. దళితవాడ నుంచి వచ్చినవాళ్లు గుమ్మం బయట నిలబడేవారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాకే ఫైలు ఎక్కడుందో అడిగే ధైర్యం మామూలు మనిషికి వచ్చింది. ఇవన్నీ మంచి మార్పులు, రావాల్సిన మార్పులు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు కూడా నేను సంతోషించాను. లక్షకు పైగా ఉద్యోగాలకు ఇరవై లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. ఒకటో తారీఖు పొద్దున్నే ఇంటికొచ్చి పింఛను చేతిలో పెడుతున్నారంటే ఆ పిల్లల కష్టం చిన్నది కాదు. కానీ మిగతా రోజుల్లో వాళ్ల చేత ఏం చేయిస్తున్నారో వెళ్లి చూడండి. ఒక యాప్‌లో ఫొటో, ఇంకో యాప్‌లో హాజరు, వాట్సాప్ గ్రూపులో రిపోర్టు, మధ్యాహ్నం టెలీకాన్ఫరెన్సు. ముసలాయన వేలిముద్ర పడకపోతే "సర్వర్ తీసుకోవట్లేదు తాతా" అని పంపించేస్తారు. మా రోజుల్లో ఆ మాటకు తావే లేదు. వచ్చిన మనిషికి జవాబు చెప్పాల్సింది కుర్చీలో కూర్చున్నవాడే.

గ్రామ సర్వేయర్లనూ వేలల్లో తీసుకున్నారు. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలుపెట్టారు. డ్రోన్లు, ఉపగ్రహంతో మాట్లాడే రోవర్లు. మా గొలుసు కంటే అవి ఎంతో కచ్చితం, కాదనను. అయినా 2024 డిసెంబరులో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే విస్తీర్ణం తగ్గిందని, హద్దు మారిందని అర్జీలు కుప్పలు పడ్డాయి. కొలత మాత్రమే సరిపోదు. రైతును పొలంలో నిలబెట్టి, పక్క రైతును పిలిచి, పాత ఎఫ్‌ఎంబీతో పోల్చి చూపించాలి. ఆ పని కుర్రాడికి నేర్పినవాళ్లు ఎవరు? టార్గెట్ ఇన్ని ఎకరాలు, గడువు ఇన్ని రోజులు. ఇదే వాడికి తెలిసింది. ఒక గ్రామ సర్వేయరు నాతో అన్నాడు, "పెద్దాయనా, జనం తిడుతుంటే ఏం చెప్పాలో తెలియక బండెక్కి వచ్చేస్తున్నాను" అని. వాడి గొంతులో పొగరు లేదు, దిగులు ఉంది. ఆ దిగులు చూసే ఇదంతా రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్లకు లాగిన్ ఇచ్చే ముందు ఒక ఏడాది ఊరు తిప్పండి. ఒక సీనియర్ చేతికి అప్పగించండి. పొలాల్లోకి, పేటల్లోకి, రేషన్ షాపు దగ్గరికి నడిపించండి. జమాబందీని మళ్లీ జనం ఎదుట పెట్టండి, కుర్రవాళ్లను పక్కన నిలబెట్టి విననివ్వండి. నేర్పేవాళ్లు లేరనే సాకు చెప్పొద్దు. రిటైరైన ఆర్‌ఐలు, సర్వేయర్లు, డిప్యూటీ తహసీల్దార్లు ప్రతి మండలంలోనూ ఉన్నాం, కాళ్లు ఇంకా ఆడుతున్నాయి. కబురు చేస్తే వస్తాం. మాకు జీతం అక్కర్లేదు.