ఎంటర్ నొక్కితే పాయె

మా రోజుల్లో అని మొదలుపెట్టగానే పోస్టుకార్డులు, ఎడ్లబండ్లు అనుకుంటారు చదివేవాళ్లు. నా గొడవ అది కాదు. నేను మంచివంటున్నది కంప్యూటర్ రోజుల్నే. కంప్యూటరు మనిషి మాట విన్న కాలం ఒకటుండేది, 1990ల నడిమి నుంచి ఓ పదిహేనేళ్లు. దాన్ని వాడినవాణ్ని కాబట్టే ఇప్పటిదాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది.

నేను మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో గుమస్తాగా చేసి దిగిపోయినవాణ్ని. 1967లో సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలాక ఆ పక్క వరి పెరిగింది, వరి వెంట మిల్లులు లేచాయి, మిల్లుల వెంట మాలాంటి గుమస్తాలు. ఇప్పుడు సూర్యాపేటలో మా అబ్బాయి కమీషన్ దుకాణంలో పొద్దున పూట కూర్చుంటాను. మేనల్లుడిది కోదాడలో లారీ ఆఫీసు, హైవే మీదనే. వడ్లు సూర్యాపేటలో కాటా ఎక్కుతాయి, కోదాడ లారీలో పడతాయి, మిర్యాలగూడలో దిగుతాయి. 2016 దసరా నాడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి పోయి మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది గానీ మా యాపారం మాత్రం విడిపోలేదు. ఈ మూడూళ్ల నడుమ రోజూ నడవాల్సిన మాటంతా ఇప్పుడు బల్ల మీది కంప్యూటర్లో, మెసేజీల యాప్‌లో నడుస్తుంది. ఏ కంపెనీదో చెప్పను. దుకాణంలో ఒకటి, మిల్లులో ఇంకొకటి, అన్నీ ఒకే తాను ముక్కలు.

ముందు ఆ తెర సంగతి. నాకు చూపు ఆనదని మా అబ్బాయి పెద్ద మానిటర్ తెచ్చిపెట్టాడు. అంత తెర మీద ఎడమ అంచున పేర్లు లేని బొమ్మలు ఒక వరుస, దాని పక్కన మనుషుల జాబితా, మిగిలిందంతా మైదానం. ఆ మైదానంలో ఒక మూల 'సరే', ఇంకో మూల 'సరే అన్నా'. రెండు సరేలకు నడుమ జానెడు ఖాళీ. పొద్దుటి నుంచి ఎవరు ఏ ధర చెప్పారో ఒక్క చూపులో తేలదు, మౌస్ చక్రం తిప్పుతూ పోవాల్సిందే. ఫోన్ కోసం గీసినదాన్నే లాగి సాగదీశారని మా మనవరాలు కూడా ఒప్పుకుంది. ఆమె హైదరాబాదులో ఇట్లాంటి తెరలు గీసే ఉద్యోగంలోనే ఉంది, కాబట్టి ఆ ఒప్పుకోలుకు విలువుంది. వాట్సాప్ 2015 జనవరిలో మొదటిసారి కంప్యూటర్ మీదికి వచ్చినప్పుడు ఫోన్‌లో నెట్టు ఉంటేనే పలికేది. ఫోన్ ఆపేసినా నడిచే ఏర్పాటు 2021లో గానీ మొదలవలేదు. మిగతావాళ్ల లెక్కా దాదాపు అంతే, ముందు ఫోను, ఓపిక మిగిలితే బల్ల. ఆ బల్ల ముందు పొద్దంతా కూర్చుని బతికేవాడొకడు ఉంటాడని ఎవరికీ తట్టలేదు.

యాహూ మెసెంజర్ వాడినవాళ్లకు తెలుస్తుంది తేడా. 1998లో పుట్టింది అది. మా తమ్ముడి కొడుకు ఎమ్మెస్‌కని అమెరికా పోయినప్పుడు కోదాడలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో రాత్రి భోజనాలయ్యాక కూర్చునేవాళ్లం, వాడికి అక్కడ పొద్దున. తెరకు ఒక పక్కన సన్నటి కిటికీ, అందులో పేర్లు, ఒక్కో పేరుకు ఒక్క గీత. ఉన్నవాడి బొమ్మ వెలిగేది, లేనివాడిది బూడిద రంగు. ఏం చేయాలన్నా పైన మెనూ, అదీ మాటల్లో. అవతలివాడు పలకకపోతే 'బజ్' నొక్కితే వాడి కిటికీ గజగజలాడేది. మా మరదలు కొడుకుతో మాట్లాడటానికి వచ్చేదో, ఆ కిటికీని వణికించటానికి వచ్చేదో నేను చెప్పలేను. 2005 ఆగస్టులో గూగుల్ టాక్ వచ్చింది, అది ఇంకా పొదుపు. తెర మూలన సర్దుకుని కూర్చునేది, మిగతా తెరంతా మన పనికి వదిలేది. పచ్చ చుక్క ఉంటే ఉన్నాడు, ఎర్ర చుక్క ఉంటే పనిలో ఉన్నాడు. పిల్చినా తప్పులేదు, పలకకపోయినా తప్పులేదు.

పని అయ్యాక సైనౌట్. అది కొట్టామంటే మనం పోయినట్టే, మళ్లీ వచ్చేదాకా ఎవడూ మన కోసం కాచుకోడు. ఇప్పటి యాప్‌కు ఇంటూ గుర్తు నొక్కినా పోదు, గడియారం పక్కన నక్కి కూర్చుంటుంది. 2014 నవంబరులో వాట్సాప్ నీలి టిక్కులు తెచ్చాక ఇంకో తంటా. "చదివి కూడా పలకవేంది మామా" అని కోదాడ నుంచి ఫోను. చదివాను నాయనా, ఆలోచిస్తున్నాను. ఆలోచించటానికి ఏ రంగు టిక్కూ పెట్టలేదు వాళ్లు. గూగుల్ టాక్ కిటికీ 2015లో పోయింది, యాహూ మెసెంజర్‌ను 2018 జులై 17న మూసేశారు. ఎవరూ దినం పెట్టలేదు. నేనైతే ఆ రోజు దుకాణంలో ఇద్దరు ముగ్గురికి చెప్పాను, వాళ్లు తేమ మీటరు పనిచేయట్లేదన్నారు.

ఇక ఎంటర్. టైపు లోయరు, హయ్యరు పాసైన చేతులివి. మెషిన్ మీద గీత చివరికి రాగానే గంట మోగేది, చెయ్యి తన పాటికి తాను క్యారేజీని నెట్టేది, కింది గీత మొదలయ్యేది. కంప్యూటర్లు వచ్చాక ఆ పని ఎంటర్‌కు అప్పజెప్పారు. వర్డ్‌స్టార్‌లోనూ, తర్వాత వర్డ్‌లోనూ ఎంటరంటే కింది గీతే. ఇప్పుడీ చేతికి ఎంటరంటే 'పంపెయ్' అని చెబితే వింటుందా? ధరల పట్టీ రాయాలి. సన్నాలు ఇంత, దొడ్డు వడ్లు ఇంత, తేమ ఇంతకు మించొద్దు, కాటాలు ఎన్నింటికి. 'సన్నాలు' అని కొట్టి, కింది గీతలో ధర వేద్దామని ఎంటర్ నొక్కానో లేదో ఆ ఒక్క మాట మూడూళ్లకూ పాయె. మిర్యాలగూడ నుంచి 'ఏమైంది సన్నాలకు?', కోదాడ నుంచి ఒక ప్రశ్న గుర్తు, ఎవరిదో తెలియని నంబరు నుంచి దండం బొమ్మ.

షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే కింది గీత వస్తుందట. చూడండి న్యాయం. గీత మార్చటంలో ప్రమాదమేమీ లేదు, దానికి రెండు మీటలు. పంపటం తిరిగి రాని పని, దానికి చిటికెన వేలు తగిలితే చాలు. పంపినదాన్ని చెరిపేయొచ్చు కదా అంటారు పోరగాళ్లు. చెరిపితే ఆ చోట 'తొలగించారు' అని పడి ఉంటుంది. ధరల గ్రూపులో మెసేజీ తొలగించారంటే సేట్లు ఊరుకుంటారా? ధర పెరిగిందని ఒకడు, పడిందని ఒకడు, మనమేదో దాస్తున్నామని ఒకడు. తప్పు ధరే నయం.

పనిచేసే మనిషికి పనికొచ్చే తెర గీయటం అసాధ్యమేమీ కాదని చెప్పటానికి నా దగ్గర సాక్ష్యముంది. ట్యాలీ. బెంగళూరులో 1986లో మొదలైన కంపెనీది. మిల్లుల్లో ఎవరో కుర్రాడు ఫాక్స్‌ప్రోలో రాసిచ్చిన లెక్కల ప్రోగ్రాములు పోయి అది వచ్చింది. చిట్టా, ఆవర్జా చేత్తో రాసిన ముసలి గుమస్తాలు, కంప్యూటరంటే దూరం జరిగేవాళ్లు, వాళ్లే దాని ముందు కుదురుకున్నారు. ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 రసీదు, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. గుర్తుండకపోతే బెంగలేదు, ఏ మీట దేనికో తెర కుడిపక్కన రాసే ఉంటుంది. రెండు నెలల్లో ఆ రాత వైపు చూడటం మానేస్తాం, అయినా అది అక్కడే ఉంటుంది, రేపు చేరే కొత్త కుర్రాడి కోసం. 2020లో ట్యాలీప్రైమ్ అని కొత్త రూపం ఇచ్చారు. మెనూలు మారాయి, రంగులు మారాయి, నేను సణిగాను కూడా. ఎఫ్8 మాత్రం అమ్మకంగానే ఉంది. ఇన్నేళ్లు చేతికి నేర్పిన పాఠాన్ని వాళ్లు చెరపలేదు.

మెసేజీల యాప్‌లో ఆ మర్యాద వెతికినా దొరకదు. మాటలకు కరువొచ్చినట్టు ఎక్కడ చూసినా మూడు చుక్కలు. పైన మూడు చుక్కలకు ఒక అర్థం, లోపల మూడు చుక్కలకు ఇంకో అర్థం, మెసేజీ మీద బాణం పెడితే తప్ప కనబడని గుర్తొకటి. బాణం పెట్టాలంటే అక్కడ ఏదో ఉందని ముందే తెలిసుండాలి. కనబడదు కాబట్టి తెలియదు, తెలియదు కాబట్టి పెట్టం. ఇంకొన్నిట్లో అడ్డంగా మూడు గీతలు. ఆ గీతల బొమ్మను 1981లో జెరాక్స్ స్టార్ అనే కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే ఆయన గీశాడని మనవరాలే చెప్పింది. అప్పటి తెరల మీద చోటు తక్కువ, ఉన్న కొద్ది చుక్కల్లోనే ఇక్కడ జాబితా ఉందని తెలిసేలా గీశాడట.

"చోటు లేనప్పుడు గీసినదాన్ని ఇంత చోటున్నప్పుడు ఎందుకు పెడుతున్నరు బిడ్డా?" అన్నాను.

"నీట్‌గా ఉంటది తాతా."

మిల్లులో ప్యానెల్ బోర్డు ఉండేది. ఒక్కో మోటారుకు ఒక్కో స్టార్టరు, ఒక్కోదాని మీద పెయింటుతో పేరు, ఎలివేటరు, హల్లరు, పాలిషరు, బ్లోయరు. అక్షరాలు వంకర, రంగు కారిపోయి ఉండేది. దాన్ని చూసి నీట్‌గా లేదని ఎవరూ పేర్లు గీకేసి చుక్కలు పెట్టలేదు. పెట్టి ఉంటే ఎవడిదో ఒకడి చెయ్యి పోయేది.

పైగా ఆ గుర్తులైనా ఉన్న చోట ఉండవు. మా రోజుల్లో కొత్త వెర్షన్ అంటే ఫ్లాపీలు పట్టుకుని మనిషి వచ్చేవాడు, సేటు ఒప్పుకుంటేనే ఎక్కించేవాడు, మార్చి నెలాఖరు లెక్కలున్నాయంటే ఏప్రిల్లో వస్తానని వెళ్లిపోయేవాడు. ఇప్పుడు రాత్రి పడుకున్నప్పుడు దానంతటదే మారిపోతుంది. నిన్న పైనున్న వెతుకుడు గుర్తు ఇవాళ పక్కకు పోయింది, ఎందుకు పోయిందో చెప్పే దిక్కు లేదు. లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే నేనిక్కడ భూతద్దం బొమ్మ కోసం వెతుకుతుంటాను.

మంచి లేదనను. వేబిల్లు ఫోటో తీసి పంపితే మిర్యాలగూడలో లారీ చేరకముందే చేరుతుంది. ఫ్యాక్స్ కాగితం మీద అక్షరాలు మూణ్ణెల్లకు మాసిపోయి పద్దుకు ఆధారం లేక పడ్డ పాట్లు నాకు గుర్తే. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది తెలుగుకు చేసిన అన్యాయం. ఇంగ్లీషు అక్షరం కొలతకు గీత ఎత్తు పెట్టారు. మన గుడి పైకి పోతుంది, ఒత్తు కిందికి దిగుతుంది, కొన్ని తెరల్లో రెంటినీ గొరిగేసి చూపిస్తారు. 'క్వింటా' కింద వకారం సగం తెగి ఉంటుంది. సరే, అలవాటున్న కన్ను పోల్చుకుంటుంది. మెసేజీని సగంలో కోసి చూపించటం మాత్రం క్షమించలేను. తెర మూలన చిన్న పెట్టె లేస్తుంది, జాబితాలో పేరు కింద ఒక్క గీత కనబడుతుంది, చోటు చాలక చివర కోసేసి మూడు చుక్కలు. ఇంగ్లీషువాడికి దానితో పెద్ద నష్టం లేదు, వాడి 'డోంట్' ముందే వచ్చి కూర్చుంటుంది. మన వద్దు, లేదు, కాదు అన్నీ వాక్యం తోకలో ఉంటాయి. 'మిల్లు నుంచి ఇప్పుడే చెప్పిన్రు, సన్నాల లారీ పంపవద్దంట, రేపటిదాకా ఖాళీ లేదంట' అని మొత్తం కనబడితే సంగతి తెలిసేది. మా గుమస్తా కుర్రాడికి పెట్టెలో కనబడింది 'మిల్లు నుంచి ఇప్పుడే చెప్పిన్రు, సన్నాల లారీ పంప...' అన్నంతే. పంపమన్నారనుకున్నాడు. పంపాడు. బండి మిల్లు గేటు బయట రాత్రంతా నిలబడింది, డ్రైవరు బత్తా మేం కట్టుకున్నాం.

సూర్యాపేట పోస్టాఫీసులో టెలిగ్రాం ఇచ్చిన రోజులు చెప్పాలి ఇక్కడ. ఫారం మీద పెద్దక్షరాల్లో ఇంగ్లీషు రాసి ఇస్తే, క్లర్కు పెన్సిలు కొసతో ఒక్కో మాటా లెక్కపెడుతూ పైకి చదివేవాడు. మాటకింత రుసుము కాబట్టి చదివేవాడు, మన మీద ప్రేమతో కాదు. కానీ చదివేవాడు. 'లారీ పంపొద్దంటున్నరు, అంతేనా?' అని మొహంలోకి చూసేవాడు. తప్పుంటే అక్కడే దొరికేది. 2013 జులై 14న ఆఖరి టెలిగ్రాములు తీసుకుని దేశమంతా ఆ సేవను ఆపేశారు. యంత్రం పోతే పోనీ, పంపేముందు ఒకసారి చదివి వినిపించే ఆ అడ్డును కూడా ఎందుకు పీకేశారన్నదే నా ప్రశ్న.

అడ్డు మేమే పెట్టుకున్నాం చివరికి. మా దుకాణంలో ఇప్పుడు ధరల పట్టీ ముందు నోట్‌ప్యాడ్‌లో కొడతాను. ఎంటర్ నొక్కితే నోరు మూసుకుని కింది గీతకు పోయేది అదొక్కటే మిగిలింది. కుర్రాడు పైకి చదువుతాడు, అప్పుడు తీసుకెళ్లి యాప్‌లో అతికిస్తాం. ఇక లారీల సంగతికి మూడూళ్లవాళ్లం కలిసి ఒక కట్టుబాటు చేసుకున్నాం. ఏది రాసినా వద్దు అన్న మాట ముందు రావాలి. 'వద్దు. సన్నాల లారీ, రేపటిదాకా.' 'లేదు. గోనెసంచులు, ఇక్కడ.' తెలుగు మేష్టారు ఎవరైనా చూస్తే చెవి మెలిపెడతాడు, కానీ బండి మళ్లీ గేటు బయట నిలబడలేదు.

అలవాటు మాత్రం కుదురుగా ఉండదు కదా. మొన్న మేనల్లుడు ఇంటికి భోజనానికి వచ్చాడు. మా ఆవిడ గరిటె పట్టుకుని "ఇంకొంచెం వెయ్యమంటవా?" అంటే, వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా, "వద్దు అత్తా. పప్పు, రేపటిదాకా" అన్నాడు.