శతచిత్ర వ్రతధారి

సినిమా చూచువాడు వేరు, సినిమాలు పూర్తిచేయువాడు వేరు. మొదటివానిని గూర్చి వ్రాయదగిన విశేషమేమియు లేదు. తెలుగుదేశమున పుట్టి వాడు కానివాడెవడు? రెండవవాడు మాత్రము, ప్రపంచమందలి చలనచిత్ర భాండాగారములు ఒక్కొక్కటే అరచేతి యంత్రములోనికి దిగివచ్చిన యీ పదిపదునైదేండ్లలో నగరములందు ప్రభవించిన నూతనజాతి. పగలు మాదాపురమున ఏదో యొక గాజుమేడలో కొలువు, రాత్రి కూకట్‌పల్లిలో తల్లిదండ్రుల యింట మేడమీది గది, ముఖమున నిద్రలేమిచే నేర్పడిన గాంభీర్యము, ఎట్టి సంభాషణమైనను మూడవ వాక్యమునకు హంగేరీకో ఇరానుకో చేరుట: ఇవి వాని బాహ్యలక్షణములు. అంతరంగిక లక్షణ మొక్కటే. వాడు జనవరి మొదటి తేదీన సంకల్పము చెప్పుకొనియుండును.

ఆ సంకల్పము సామాన్యమైనది కాదు. డిసెంబరు 31 అర్ధరాత్రిలోగా 100 చిత్రములు చూడవలెను. అవి 30 దేశములకు తగ్గరాదు. 1890 మొదలుకొని దశాబ్దమునకు ఐదేసి యుండవలెను. ఒకే దర్శకునివి రెండు మించరాదు. మాతృభాషా చిత్రములు లెక్కకు రావు. ఇన్ని నియమములను విధించినవారెవరని వానిని ప్రశ్నించి ప్రయోజనము లేదు. ఏ వ్రతమునకైనను ఒక కథయు నొక ఫలశ్రుతియు నుండును. దీనికి పట్టిక మాత్రమే కలదు. ఆ పట్టికలో చిత్రనామము, దర్శకుడు, దేశము, సంవత్సరము, నిడివి, నక్షత్రములు అను గళ్లు వరుసగా నుండును. చూచుట ముగిసిన దేశమునకు ప్రపంచపటమున ఆకుపచ్చ రంగు పడును. తెరమీద పేర్లు పైకి ప్రాకుట యింకను ముగియకమునుపే వాని చేయి పట్టికమీదికి పోవును. ఆ గడి నిండు క్షణమున వాని వదనమును పరికించినవారికి, ఆనందమనునది చిత్రమునుండి గాక గడినుండి యుద్భవించుచున్నదని తెలియకపోదు. నేనీ మాటను నిందగా ననుట లేదు. లెక్కయందలి సుఖము తక్కువ సుఖము కాదు; గుమాస్తాలు, కరణములు మున్నుగా పెక్కుమంది దానితోడనే జీవయాత్ర సాగించిరి.

ఆ గళ్లలో సర్వప్రధానమైనది నిడివి. జనవరి మాసమున వాడు నిడివిని లక్ష్యపెట్టడు. కురొసావా 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’ 207 నిమిషములును కదలక మెదలక చూచి, మరునాడు కార్యాలయమున నిద్రించును. ఉగాది నాటికి లెక్క వెనుకబడును. అప్పటినుండి వాడు దర్శకుని పేరుకంటె ముందు నిమిషముల సంఖ్యను చదువుట మొదలిడును; ‘సంక్షిప్తత’ అను గుణము వాని సమీక్షలలో తరచుగా ప్రశంసింపబడును. సెనెగలు దేశీయుడైన ఉస్మాన్ సెంబేన్ 1966లో తీసిన ‘బ్లాక్ గర్ల్’ చిత్రమునకు వాడు ఐదు నక్షత్రములు నొసంగెను. డాకారునుండి ఫ్రాన్సుకు పోయి ఒక దొరలయింట పనిచేయు పిల్ల యొక్క దుర్భర వేదనను చూపిన యా చిత్రము ఐదింటికిని అర్హమైనదే; కాని యందు ఎన్ని వలసవాద ఖండనమునకు, ఎన్ని గంటలో ముగిసినందుకు అని విభజించి చెప్పుట వానికే సాధ్యము గాదు.

ఇట్టి సంకటస్థితిలో వానికి లూమియేర్ సోదరులు దొరకిరి. వారు 1895 డిసెంబరు 28న పారిస్ నగరమందలి గ్రాండ్ కఫేలో టిక్కెట్టు పెట్టి ప్రదర్శించిన చిత్రములు పది. కార్ఖానానుండి పనివారు వెలికి వచ్చుట, తోటమాలి మొగముపై నీళ్లు చిమ్ముట, తల్లిదండ్రులు శిశువునకు తినిపించుట. అన్నియు నిమిషమునకు లోబడినవే. వాటిలో ఐదింటిని ఆ దశాబ్దపు ఖాతాలోను, తక్కిన ఐదింటిని సామాన్య ఖాతాలోను వేసికొని, ఒకే దర్శకునివి రెండు మించరాదను నియమమును ఆ పూటకు మరచి, వాడు ఒక్క టీ విరామములో పది గళ్లు నింపెను. అంతటితో నాగక, లూయీ లే ప్రిన్స్ అనునతడు 1888లోనే ఇంగ్లండున లీడ్స్ నగరమున ఒక యుద్యానములో నలుగురు మనుష్యులు తిరుగాడుటను రెండు సెకనుల కాలము చిత్రించెనని తెలిసికొని, తన సంకల్పమును 1880ల దశాబ్దమునకు కూడ విస్తరింపజేసెను; ఆ దశాబ్దమునకు మాత్రము ఒక్క చిత్రము చాలునని యొక ఉపనియమము చేర్చెను. రాజ్యాంగ సవరణలు ఇంతకంటె ఉదాత్తమైన కారణములతో జరుగునని నమ్మకము లేదు.

మాతృభాషా వర్జనము విషయమున వాని నిష్ఠ కఠోరము. గూడవల్లి రామబ్రహ్మము 1938లో ‘మాలపిల్ల’యు, మరుసటి యేడు ‘రైతుబిడ్డ’యు తీసెనని చెప్పినచో, ఆయన యే దేశస్థుడని యడుగునంతటి నిష్పక్షపాతి వాడు. ఒక్క ‘ఒక ఊరి కథ’ వానిని తికమక పెట్టెను. భాష తెలుగు గనుక వర్జ్యము. దర్శకుడు మృణాల్ సేన్ వంగీయుడు, మూలకథ ప్రేమ్‌చందుది గనుక గ్రాహ్యము. చాలకాలము మథనపడి, తుదకు వాడు అర గడి నింపెను.

ఒక పెండ్లిలో భోజనముల వేళ వాని మేనమామ ‘మాయాబజార్’ ప్రసక్తి తెచ్చి, ఘటోత్కచుడు గారెలబుట్టపై పడు తీరును కూర్చున్నచోటనే యభినయించుచుండగా, మనవాడు విస్తరిమీద చేయి నిలిపి, “అది 1957 కదా మామయ్యా. అదే ఏడాది బెర్గ్‌మన్ రెండు సినిమాలు తీశాడు తెలుసా? ఒకదాంట్లో సాక్షాత్తూ మృత్యువే వచ్చి మనిషితో చదరంగం ఆడుతుంది” అనెను. మామ యొక క్షణము ఆలోచించి, “మృత్యువు వేషం ఎవరేశార్రా? మన రంగారావైతే అదిరిపోయేది” అనెను. ఈ విమర్శకు మనవాడు ప్రత్యుత్తర మీయలేదు. నాకును అందు సత్యము లేకపోలేదని తోచుచున్నది. ఆ మామ షష్టిపూర్తి నాడే కాబోలు, ఛాయాచిత్రములు తీయు భారమును వానిపై నుంచగా, ఓజు ‘టోక్యో స్టోరీ’లో కెమెరాను చాపకు జానెడెత్తున నిలిపెనని వాడు నేలపై బోరగిల పడుకొని తీసెను, దంపతుల పాదములు, పీటలు, పురోహితుని మోకాళ్లు మిగుల స్పష్టముగా వచ్చినవి. కొన్ని మాసములుగా పరభాషా చిత్రముల యడుగున అక్షరములను చదువుట కలవాటుపడిన వాని కన్నులు, తెలుగు చిత్రమునకు పోయినను తెర క్రిందిభాగముననే సంచరించుచు, అందేమియు లేకుండుటచే వ్యాకులపడుచుండును.

నిద్ర విషయము కూడ చెప్పవలసియున్నది. తార్కోవ్‌స్కీ 1979లో తీసిన ‘స్టాకర్’ చూచుచు వాడు ముప్పాతికగంట గురక పెట్టినట్లు వాని తండ్రి సాక్ష్యము. వాడు దీనిని కాదనడు. ప్రేక్షకులను నిద్రపుచ్చు చిత్రములనిన తనకు ప్రీతి యని కియరోస్తమీ యంతటివాడు సెలవిచ్చియుండెను గనుక, నిద్ర దర్శనములో నంతర్భాగమని వాని సిద్ధాంతము.

ఇక బెల్జియము వంతు వచ్చిన దినమున జరిగినది నేను కన్నులార చూచితిని. ‘సైట్ అండ్ సౌండ్’ అను బ్రిటిష్ పత్రిక పదేండ్లకొకమారు విమర్శకుల యభిప్రాయములు సేకరించి శ్రేష్ఠ చిత్రమును ప్రకటించుట 1952 నుండి జరుగుచున్నది. మొదట ‘బైసికిల్ థీవ్స్’, పిదప ఐదు పర్యాయములు ‘సిటిజన్ కేన్’, 2012లో ‘వెర్టిగో’, 2022లో షాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ దీల్మన్’. ఈ వంశానుక్రమమును మనవాడు నిద్రలో లేపినను చెప్పగలడు. మూడు గంటల ఇరువది నిమిషముల యా చిత్రమున బ్రస్సెల్స్ నగరమందలి యొక విధవరాలి మూడు దినముల గృహకృత్యములు కలవు. వాడు హాలులోని పెద్దతెరపై దానిని పెట్టుకొని కూర్చుండగా, వాని తల్లి గోరుచిక్కుళ్ల పళ్లెముతో వచ్చి ప్రక్కన చేరి ఈనెలు తీయనారంభించెను.

“ఏరా, ఈవిడ ఇందాకటినుంచీ ఆ దుంపలే చెక్కుతోందా?”

“అమ్మా, మాట్లాడకు. ఇది ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా.”

“గొప్పది కాదన్నానా? చేయి తిరిగిన మనిషే. ఒక్క అడుగు వృథాగా వేయట్లేదు చూడు.”

మనవాడు చూచుట లేదు. ఫోనుపై సమీక్ష వ్రాసికొనుచుండెను. కాలము, శ్రమ, గృహమను కారాగారము మొదలగు పదములు అప్పటికే పడియుండెను. తెరపై రెండవ దినము నడుచుచుండెను. తల్లి చేతిలోని కాయ చేతిలోనే నిలిచిపోయెను.

“దుంపలు చిమిడిపోయాయిరా. ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలీక తిరుగుతోంది. నిన్నటి మనిషి కాదు ఈవిడ. ఏదో అయింది.”

“ఏమీ కాలేదమ్మా. ఇందులో ఏమీ జరగదు. అదే దీని గొప్పతనం.”

డబ్బు దాచుకొను పాత్రకు మూత పెట్ట మరచుట, గౌనుకు ఒక బొత్తాము వదలివేయుట, ఇవన్నియు తల్లి యొకటొకటిగా గుర్తించి, “ఇది ఊరికే పోదు” అని తనలో తాననుకొనుచు, పళ్లెము ప్రక్కకు నెట్టి, తుదివరకు కూర్చుండెను. ముగింపున జరిగినదానికి మనవాడు అదరిపడి ఫోను జారవిడిచెను. ఆమె దీర్ఘముగా నిట్టూర్చి, కుక్కరు పెట్టుటకు లేచిపోయెను. ‘ఏమియు సంభవింపని మహాకావ్యము’ అను వాక్యము వాని సమీక్షలో నేటికిని చెక్కుచెదరక యున్నది. దిద్దుటకు వ్యవధి లేదు, మరుసటి గడి రుమేనియాది.

వానికి పూర్వులు లేకపోలేదు. సత్యజిత్ రాయ్ ప్రభృతులు 1947లో కలకత్తాలో ఫిల్మ్ సొసైటీ స్థాపించిరి. పిదప నూరూర వెలసిన సంఘములవారు రాయబార కార్యాలయముల ననునయించి రీళ్లు తెప్పించుకొని, మధ్యలో తెగిన రీలు అతుకుపడువరకు చీకటిలో వాదించుకొనుచు, దొరకిన చిత్రమును దొరకిన క్రమమున చూచెడివారు. వారికి కొఱత చిత్రములకు. వీనికి కొఱత రాత్రులకు. రాయ్ 1950లో లండనునందుండిన కొద్దిమాసములలో సుమారు నూరు చిత్రములు చూచెనని మనవాడు తన వ్రతమునకు శాస్త్రప్రమాణముగా చూపును. రాయ్ తిరిగివచ్చి ‘పథేర్ పాంచాలి’ తీసెను. మనవాడు తిరిగి తిరిగి పట్టిక తీయుచున్నాడు.

నూరవ చిత్రము మహత్తరమైనది కావలెనను తలంపుతో, నిజమునకు భయముచే, వాడు ఏడాది పొడవున వాయిదా వేసికొనివచ్చినది బేలా తార్ 1994లో తీసిన ‘సాతాన్‌టాంగో’. నిడివి ఏడు గంటలకు పైమాట. డిసెంబరు 31 సాయంకాలము ఏడు గంటలకు, క్రింది వాటాలవారు కేకుల పెట్టెలు మోసికొనివచ్చుచుండగా, మనవాడు తలుపు మూసి చిత్రము నారంభించెను. మొదట ఆవులు కనబడినవి. తండ్రి లోనికి వచ్చి కొన్ని నిమిషములు నిలుచుండి చూచెను.

“ఈ ఆవులు ఎక్కడికి పోతున్నాయిరా?”

“ఎక్కడికీ పోవు నాన్నా.”

“మంచిది” అని ఆయన పోయి పడుకొనెను.

పండ్రెండు గంటలకు వీథియంతయు టపాకాయలతో దద్దరిల్లెను. తెరపై వాన కురియుచుండెను; చిత్రమింకను రెండు గంటలకు పైగా మిగిలియుండెను; వ్రతము భంగమైనట్లే. మఱియొకడైనచో నచట కంట తడిపెట్టియుండును. మనవాడు కనురెప్ప వేయక తుదివరకు చూచి, తెల్లవారుజామున రెండున్నరకు ముగించి, పట్టిక తెరచి, శాంతముగా ఆలోచించెను. చిత్రము హంగేరీది. హంగేరీ చిత్రమునకు హంగేరీ గడియారమే ప్రమాణము కావలయును గాని కూకట్‌పల్లి గడియారమెట్లు ప్రమాణమగును? బుడాపెస్టు కాలమానము మనకంటె నాలుగున్నర గంటలు వెనుక. అచట నిప్పుడు డిసెంబరు 31 రాత్రి పది గంటలు. వాడు నూరవ గడి నింపి, పటమున హంగేరీకి ఆకుపచ్చ రంగు వేసి, గడువునకు ఇంకను రెండు గంటలు మిగిలియున్నవని గ్రహించినవాడై, గంటన్నరకు మించని హంగేరీ చిత్రమేదైన కలదేమోయని వెదుకనారంభించెను.