ఒక రిసెప్షన్ ఆర్డరు ఆత్మకథ

మతి స్థిమితం లేదని తేలిన మనిషిని పిచ్చాసుపత్రిలో చేర్చుకొమ్మని మేజిస్ట్రేటు సంతకం చేసి ఇచ్చే కాగితమే రిసెప్షన్ ఆర్డరు. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న ఆర్డరు 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం కింద, 1930లలో, జంషెడ్‌పూర్ కచేరీలో పుట్టింది. అది పుట్టడానికి బంధువు పెట్టుకున్న అర్జీ, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు కావాల్సివచ్చాయి. ఆ డాక్టర్లలో ఒకరు సర్కారు డాక్టరై ఉండాలి. అర్జీదారు అంతకుముందు 14 రోజుల లోపు రోగిని స్వయంగా చూసి ఉండాలన్నది మరో నియమం. ఈ ఆర్డరుకు మూలమైన అర్జీ మీద టాటా కార్ఖానాలో పనిచేసే ఒక తెలుగు కూలీ ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. రోగి అతని తమ్ముడు. ఫారం అచ్చు వేసినదే. ఖాళీలు మాత్రం గుమాస్తా పాళీతో నింపాడు. చిరునామా గడిలో బిష్టుపూర్‌లోని కంపెనీ క్వార్టరు నంబరు రాశాడు. శ్రీకాకుళం వైపున్న సొంత ఊరి పేరు ఎక్కడా రాయలేదు.

ఈ కాగితం వంశం 1858 నాటి లూనసీ చట్టం దాకా వెళ్తుంది. అప్పట్లో పోలీసులు వీధుల్లో తిరిగేవాళ్లను పట్టుకొచ్చి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. రోగి వెంట ఒక వివరాల చీటీ వెళ్లేది. పేరు, వయసు, కులం, వృత్తి, ఆ తర్వాత పిచ్చికి కారణం. కారణం ఎవరికీ తెలియనప్పుడు ఆ గడిలో తరచుగా గంజాయి అని పడేది. ఆసుపత్రి రిజిస్టరు దాన్నే ఎక్కించుకునేది, సాలుసరి నివేదిక ఆ రిజిస్టరును ఎక్కించుకునేది. 1893–94లో గంజాయి వాడకం మీద ప్రభుత్వం వేసిన కమిషన్ ఈ రాతలను ఒక్కొక్కటిగా విచారించింది. 1892లో చేరిన 1,344 మందిలో 222 మంది పేర్లకు ఎదురుగా గంజాయి, దాని జాతి మత్తుమందులు కారణమని రాసి ఉంటే, విచారణకు నిలిచినవి 98. మనిషిని ఎరగని చేయి రాసింది పుస్తకం నుంచి పుస్తకానికి పాకి సత్యంగా చెలామణీ అయిందన్నమాట. ఇలాంటి కాగితాలు చదివే చరిత్రకారుడు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.

ఆర్డరు చేరాల్సిన చోటు కాంకే, రాంచీ పక్కనే. జంషెడ్‌పూర్‌కు సుమారు 130 కిలోమీటర్లు. టాటానగర్‌లో రైలెక్కి, పురూలియాలో దిగి, నేరోగేజి బండిలో రాంచీ చేరాలి. తమ్ముడి పక్కన అన్న, అన్న జేబులో నాలుగు మడతల ఆర్డరు. ఆ మడతల దగ్గరే తర్వాత కాగితం చిరిగింది.

కాంకేలో అప్పటికి రెండు ఆసుపత్రులున్నాయి. 1918లో తెరిచింది యూరోపియన్ల కోసం. దానివల్ల కలకత్తాలోని భవానీపూర్ ఆసుపత్రి అవసరం తీరిపోయింది. రెండోది భారతీయుల కోసం. దాని మూలం 1795లో ముంగేర్‌లో ఉంది. అక్కడి నుంచి 1821లో పట్నాకు మారి, 1925 సెప్టెంబరులో 110 మంది రోగులతో కాంకేకు వచ్చింది. బెంగాల్‌లోని బెర్హంపూర్ ఆసుపత్రి రోగులనూ ఇక్కడికే తెచ్చారు. తెలుగువాళ్లకు తెలిసిన గంజాం బరంపురం వేరు. పాత ఆసుపత్రులు మూతపడ్డాయంటే లోపలివాళ్లు ఇళ్లకు చేరారని కాదు, మరో గోడ వెనక్కి మారారు. వాళ్లతో పాటు వచ్చిన కాగితాలు వచ్చాయి, రానివి అక్కడే పోయాయి. 1950లో భారత్, పాకిస్తాన్ రోగులను మార్చుకున్నప్పుడు లాహోర్ ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లలో కొందరు కూడా రాంచీకే చేరారు.

ఆర్డరు అసలు కష్టం చిరునామా గడి దగ్గర మొదలైంది. చట్టం ప్రకారం అర్జీ పెట్టినవాడు రాతపూర్వకంగా అడిగితే, ప్రమాదం లేని రోగిని విడుదల చేయాలి. కాబట్టి నయమైన మనిషి ఇల్లు చేరాలంటే అర్జీదారు దొరకాలి. కానీ జంషెడ్‌పూర్ కంపెనీ కట్టిన ఊరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే క్వార్టరు. పని మానినా, వయసు మీరినా తాళం అప్పగించి వెళ్లాల్సిందే. ఈ ఆర్డరు మీది క్వార్టరులోకి కొన్నేళ్లకే వేరే కుటుంబం దిగింది. ఆసుపత్రి రాసిన ఉత్తరం తిరిగొచ్చి, ఇదే ఫైలులో ఎర్ర నాడా కింద చేరింది. పరువు భయం కూడా తోడైంది. హైదరాబాదులో పిచ్చాసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరెత్తి ఎలా వెక్కిరిస్తారో, జంషెడ్‌పూర్ వైపు రాంచీ, కాంకే పేర్లెత్తి అలాగే వెక్కిరిస్తారు. ఆ వెక్కిరింతకు జడిసి ఎన్నో ఇళ్లలో లోపలున్న మనిషి సంగతే ఎత్తలేదు. ఇది క్షమించదగ్గ మౌనం కాదు.

కాంకేలోని భారతీయుల ఆసుపత్రి పేరు 1958లో రాంచీ మానసిక ఆరోగ్యశాల అయింది. లోపలి దుస్థితి మీద దాఖలైన పిటిషన్‌ను సుప్రీంకోర్టు ఏళ్ల తరబడి విచారించింది. 1997లో రాంచీ, ఆగ్రా, గ్వాలియర్ ఆసుపత్రుల పర్యవేక్షణను జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించింది. 1998లో ఆరోగ్యశాల స్వయంప్రతిపత్తి గల రిన్‌పాస్ సంస్థగా మారింది. పక్కనున్న యూరోపియన్ ఆసుపత్రి 1977 నుంచే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ.

1912 చట్టం 1993లో రద్దయింది. దాని స్థానంలో అప్పుడు అమల్లోకి వచ్చిన 1987 నాటి చట్టం రిసెప్షన్ ఆర్డరును ఉంచుకుంది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాన్ని తీసేసింది. ఇప్పుడు మేజిస్ట్రేటు పంపగలిగేది పరీక్ష కోసం, అదీ 10 రోజులకు మించకుండా. కుటుంబం లేదనో, ఇంటివాళ్లు రానివ్వరనో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదని 19వ సెక్షన్ అంటుంది. బిష్టుపూర్ క్వార్టరు నుంచి తిరిగొచ్చిన ఉత్తరానికి చట్టం ఇచ్చిన జవాబు అది.

ఇక మిగిలింది కాగితాల భద్రత. ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ పిచ్చాసుపత్రి 1995లో మూతపడ్డాక దాని కేసు పుస్తకాలు అక్కడి ఆర్కైవ్స్‌కు చేరాయి. మన దేశపు పాత ఆసుపత్రుల సాలుసరి నివేదికలను స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ డిజిటల్ రూపంలో ఉంచింది. వాటిలో అంకెలున్నాయి, మనుషులు లేరు. మనుషులున్నది ఇలాంటి ఆర్డర్లలో, అర్జీల్లో, తిరిగొచ్చిన ఉత్తరాల్లో. మన వైద్య మండలి 2002 నిబంధనలు ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు ఉంచితే చాలంటాయి. పాత కట్టలకు అది మరణశాసనం. వాటిని చెదలకూ చిత్తుకాగితాల వ్యాపారికీ వదలకుండా, రోగుల పేర్లు బయటపడకుండా, రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేర్చాలి. తాత తమ్ముడు ఏమయ్యాడని అడుగుతూ జంషెడ్‌పూర్ నుంచో శ్రీకాకుళం నుంచో ఎవరైనా వస్తే, వెతకడానికి ఉన్న ఆధారం ఈ వేలిముద్ర అర్జీ, దానికి గుచ్చిన ఈ ఆర్డరు.