చిన్నవాని బెల్టునకు పెద్ద టీక

అవతారిక

ఓరుగల్లు కాకతీయవంశజుడగు అన్నమదేవుడు 14వ శతాబ్దమున ఇంద్రావతీ ప్రాంతమునకు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశ చరిత్రము చెప్పుచుండుటచేతను, నేటికిని జగదల్‌పూరు వీథులలో తెలుగు మాటాడు కుటుంబములు కాపురముండుటచేతను, ఆ సీమలోని యొక గృహవాక్యమునకు తెలుగున టీక వ్రాయుట అనధికారప్రసంగము కానేరదు. ప్రబంధములనన్నిటిని పూర్వవ్యాఖ్యాతలే ముగించి పోయిరి గావున, వాకిట చెప్పులు తొడుగుకొనుచున్న కుమారుని నుద్దేశించి వంటయింటినుండి ఒక తల్లి పలికిన యీ వాక్యత్రయమే మాకు దక్కినది.

మూలము

“ఒరేయ్ చిన్నోడా, ఇవ్వాళ బెల్టు టెస్టు కదరా! పచ్చ బెల్టు మరిచిపోకు. ముడి నువ్వే వేసుకో.”

ప్రతిపదార్థము

ఒరేయ్ చిన్నోడా = ఓ కనిష్ఠపుత్రుడా; ఇవ్వాళ = ఈ దినమున, అనగా ఆదివారమున, తక్కిన దినములందు బడి యుండును గాన; బెల్టు టెస్టు కదరా = కరాటే విద్యయందలి శ్రేణీపరీక్ష గదా; పచ్చ బెల్టు = పచ్చనైన నడికట్టును; మరిచిపోకు = గతవారమువలె విస్మరింపకుము; ముడి = దాని గ్రంథిని; నువ్వే = మాతృసాహాయ్య మపేక్షింపక నీవే; వేసుకో = బిగించుకొనుము.

విశేషములు

‘పచ్చ’ యనుచోట వ్యాఖ్యాతలు రెండు పక్షములుగా చీలిరి. పసుపుపచ్చ యని కొందఱు, ఆకుపచ్చ యని కొందఱు. ఇది వట్టి మాటల తగవు కాదు. పెక్కు కరాటే సంప్రదాయములందు తెలుపు, పసుపుపచ్చ, నారింజ, ఆకుపచ్చ, నీలము, గోధుమ, నలుపు అను వరుస యించుమించుగా నడచుచుండగా, ఈ రెండు పచ్చలకు నడుమ నెన్నో నెలల చెమట యున్నది. ఈ మెట్లకు ‘క్యూ’ అని పేరు. విద్య పెరిగిన కొలది క్యూ సంఖ్య తగ్గుచు వచ్చి ఒకటితో ముగియును. పిమ్మట నల్లబెల్టునుండి ‘డాన్’ అను లెక్క ఒకటినుండి పైకి సాగును. ఇక పక్షనిర్ణయము: ఆకుపచ్చ బెల్టువఱకు వచ్చినవానికి ముడి వేసికొనుటను గూర్చి తల్లి హెచ్చరింప నక్కఱలేదు గావున, ఇచ్చట పసుపుపచ్చయే గ్రాహ్యము.

ముడి యన నేమి? బెల్టు నడిమిభాగమును బొడ్డుక్రింద నుంచి, నడుమునకు రెండు చుట్లు త్రిప్పి, ఒక కొసను రెండు పొరల క్రిందుగా దూర్చి పైకి లాగి, రెండవ కొసతో కలిపి చదునుగా బిగింపవలెను; కొసలు రెండును సమముగ వ్రేలాడవలెను. తల్లి వేసిన ముడి తరగతి నడుమ వదులైనచో, శిష్యుడు గురువునకు ఎదురుగా గాక ప్రక్కకు తిరిగి దానిని సవరించుకొనవలసి యుండును. అపుడు తల్లి యింట నుండును. ‘నువ్వే’ అను పదమునందలి దూరదృష్టి యిదియే.

తాత్పర్యము

కానో జిగోరో యను జపాను విద్వాంసుడు 1882లో టోక్యో నగరమున కోడోకాన్ అను జూడో పాఠశాలను నెలకొల్పి, 1883లో తన శిష్యులలో ఇరువురికి మొదటి డాన్ ప్రసాదించెను. ‘గో’ అను పలకాటలో నేర్పరులను మెట్లుగా లెక్కించు పద్ధతి అంతకు పూర్వమే జపానున గలదు. డాన్ పొందినవారు నల్లనడికట్టు ధరించు ఆచారము 1886 ప్రాంతమున మొదలైనది. ఫునకోషి గిచిన్ అను కరాటే గురువు 1924లో ఈ డాన్ పద్ధతిని తన శిష్యులకును వర్తింపజేసెను. రంగుల వరుసకు కీర్తి మాత్రము 1935లో పారిస్ చేరిన కవాయిషి మికినోసుకే యను జూడో గురువునకు చెల్లుచున్నది. తెలుపునుండి నలుపువఱకు గల యేండ్ల దూరమును అక్కడి శిష్యులు ఓర్పుతో నడువలేరని గ్రహించి, దారి పొడవునను రంగుల మజిలీలు కట్టించిన ఘనుడాతడు. కావున జగదల్‌పూరు చిన్నోని పసుపుబెల్టు, తూర్పున పుట్టి పడమట రంగు వేసికొని, మరల తూర్పునకు మరలి వచ్చినదని తెలియునది.

ఆక్షేపములు, సమాధానములు

తొలుత అందఱు తెల్లబెల్టే కట్టెడివారనియు, ఎన్నడును ఉతుకకుండుటచే అది మాసి మాసి నల్లబడి గురుత్వచిహ్న మయ్యెననియు కొందఱు చెప్పుదురు. ఇది యసంగతము. కోడోకానున నల్లనిది నల్లనిదిగనే కట్టబడినది. అదిగాక, జూడోయందు ఆఱునుండి ఎనిమిదవ డాన్‌వఱకు ఎఱుపు తెలుపుల బెల్టును, తొమ్మిది పది డాన్‌లకు ఎఱ్ఱబెల్టును విహితములు. ఎంత మాసిన నలుపు ఎఱుపగునో ఆ పక్షమువారే చెప్పవలెను.

బెల్టు రంగే బలమునకు కొలత యైనచో, పోటీలో దానిని విప్పింతురేల? ప్రపంచ కరాటే సమాఖ్య నియమమున ద్వంద్వయుద్ధమునకు దిగు ఇరువురిలో ఒకనికి ఎఱుపు, ఒకనికి నీలము కట్టుదురు. అది ఎవరికి అంకములు వేయవలెనో తెలియుటకే గాని, ఎవడధికుడో తెలియుటకు గాదు. 2024లో బస్తరు ఒలింపిక్స్ అను క్రీడోత్సవమున విలువిద్య, కబడ్డీ, ఖోఖో మున్నగువానితోపాటు కరాటేకును స్థానము లభించినది. అట్టి పోటీబరిలో ఇంటినుండి తెచ్చిన రంగు గెలుపు నీయదు.

బెల్టు లేనిదే విద్య లేదన్నచో, బస్తరు సీమలోని నారాయణపుర్ వైపు చూడవలెను. అబూజ్‌మాడ్ అడవి గ్రామముల బాలురు అచ్చట ఆముదము పూసిన నున్నని కొయ్యకంబముపై మల్లఖంబము నభ్యసించి, 2023లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ అను టెలివిజన్ పోటీలో అగ్రస్థానము నందిరి. వారి నడుమున నుండునది బిగుతైన కురుచవస్త్రమే. దానికి శ్రేణులు లేవు. కంబము బెల్టు నడుగదు. పట్టు తప్పినవానిని రంగు చూడక క్రింద పడవేయును.

సిద్ధాంతము

కంబము రంగు చూడదు, మనుష్యుడు చూడవలెను. ఇదియే యీ టీకకు సారము. అభ్యాసశాలలో గోధుమబెల్టు యువకుడు తెల్లబెల్టు బాలునికి ఎదురు నిలిచినపుడు, ఆ తెలుపు బాలుని అల్పత్వమును గాక యువకుని కర్తవ్యమును తెలుపుచున్నది: ఈతనికి పడుట యింకను రాదు, నీ దెబ్బను నీవే ఆపుకొనవలెనని. కట్టుకొన్నవాని గొప్పకంటె ఎదుటివాని బాధ్యతను చెప్పుటయే బెల్టునకు ముఖ్యప్రయోజనము. తక్కిన గౌరవ మంతయు ఫోటోలు తీయువారు తెచ్చిపెట్టినది. గురువు సయితము పదిమందిని వరుసగా నిలిపి, ఎవనికి ఏ పాఠము చెప్పవలెనో రంగు చూచి యెఱుగును.

ఫలశ్రుతి

ఈ టీకను శ్రద్ధతో చదివిన తండ్రి, తన కుమారుని బెల్టును పొరుగింటివాని కుమారుని బెల్టుతో పోల్చుట మానును. మానలేనిచో, తదుపరి పరీక్షకు రుసుము చెల్లింపబోవుటకు ముందు, “మావాడు తనకంటె చిన్నవానిని నొప్పింపక ఆడుచున్నాడా?” యని గురువు నడుగును. ఆ ప్రశ్నకు గురువు తల గోకుకొనెనా, బెల్టు ఏ రంగుదైనను రుసుము దండుగ.