బండి కొనబోయే వారికి బంగారు సూచనలు

రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి లక్షకు అటూ ఇటూగా ఓ బండి చూస్తున్నారని విన్నాను. సంతోషం. ముందుగా చేయాల్సింది ఒకటే, ఏ పనికి కొంటున్నారో ఆ పనిని మరిచిపోవడం. పొద్దున తొమ్మిదింటికి ఉప్పల్ నుంచి మాదాపూర్ దాకా రోడ్డు ఎలా ఉంటుందో మనసులో పెట్టుకుని షోరూముకు వెళ్లినవాళ్లు నల్ల రంగు వంద సీసీ బండితో తిరిగొస్తారు. దాన్ని చూడటానికి వీధిలో ఒక్కరు కూడా తలుపు తీయరు.

మా కాలనీలో ఏడెనిమిది ఇళ్ల ముందున్న బండ్లు నా సలహా మీద కొన్నవే. కొన్నాక ఆ ఇళ్లవాళ్లు నాకు పెద్దగా ఎదురుపడటం లేదు. షికార్లలో తీరిక లేకుండా ఉన్నారనుకుంటున్నాను.

ఫోనులో వీడియోలతో మొదలుపెట్టండి. ఖాళీ హైవే మీద ఓ కుర్రాడు బండిని 115 దాకా లాగి మీటరు చూపిస్తాడు. ఆ అంకె గుర్తుంచుకోండి. అమీర్‌పేట మెట్రో కింద ఫస్టు గేరులో, హాఫ్ క్లచ్ మీద, ఒక కాలు నేలకు ఆనించి అంగుళం అంగుళం జరుగుతున్నప్పుడు ధైర్యంగా ఉంటుంది. క్లచ్ మెత్తగా ఉందా, గంటసేపు నొక్కి వదిలితే ఎడమ మణికట్టు లాగుతుందా, ఆగినచోట న్యూట్రల్ సులువుగా పడుతుందా అని షోరూములో ఆరా తీసే మనుషులు కొందరుంటారు. వాళ్ల పక్కన నిలబడకండి, మిమ్మల్నీ ఆ బాపతే అనుకుంటారు.

ఇంజను గురించి పవరెంత అని అడిగితే చాలు. వంద సీసీ బండి ఇచ్చేది సుమారు 8 పీఎస్, అదీ 8,000 ఆర్‌పీఎం దగ్గర. ట్రాఫిక్‌లో మీరు తిప్పేది అందులో సగం దగ్గరే కాబట్టి అక్కడ ఎంత లాగుతుందన్నదే అసలు సంగతని కొందరంటారు, టార్కూ అంటారు. టార్కు అని అడిగితే ఆ సేల్స్ కుర్రాడు లోపలికెళ్లి ఎవరినో కనుక్కుని రావాలి, పాపం ఎందుకా శ్రమ? ఇద్దరెక్కి, మధ్యలో పిల్లాడినీ వాడి స్కూలు బ్యాగునూ ఇరికించుకుని పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించాలో వద్దో ఎక్కినప్పుడు ఎలాగూ తెలుస్తుంది.

ఈపాటికి మీ నాన్నగారు కలగజేసుకుని స్ప్లెండర్ తీసుకోరా అని ఉంటారు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పటి నుంచి ఆ తరానికి వేరే ధ్యాస లేదు. స్ప్లెండర్ వచ్చింది 1994లో. కంపెనీలో భాగస్వాములు విడిపోయారు, హీరో హోండా కాస్తా హీరో మోటోకార్ప్ అయింది, బండి మాత్రం అదే పేరుతో ఇంకా అమ్ముడవుతోంది. వేళకు రిటైరవ్వాలన్న ఇంగితం లేదన్నమాట. అంతకన్నా పెద్ద లోపం, దాని క్లచ్ కేబులు ఏ ఊరి మెకానిక్ షెడ్డులో చూసినా మేకుకు వేలాడుతూ ఉంటుంది. చెట్టు కింద కూర్చున్నవాడు కూడా పది నిమిషాల్లో మార్చి పంపేస్తాడు. మీ బండి అంత చవకైపోతే ఎలా? దాని పార్టు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తప్ప దొరక్కూడదు. అక్కడా ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. అప్పుడే బండికో మర్యాద.

మైలేజీకి బ్రోచరే ప్రమాణం. ఆ అంకె టెస్టింగ్ కేంద్రంలో పద్ధతి ప్రకారం నడిపి తీసింది. అక్కడ గుంతలుండవు, అడ్డంగా తిరిగే ఆటో ఉండదు, వెనక బావమరిది ఉండడు. కొందరు చాదస్తులు ఫుల్ ట్యాంకు కొట్టించి, మీటరు రీడింగు బంకు బిల్లు వెనక రాసుకుని, కొన్నాళ్లు తిరిగి మళ్లీ అదే బంకులో ఫుల్ కొట్టించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తారు. నాలుగైదుసార్లు చేసి సగటు తీస్తే తమ బండి తమ రోడ్డు మీద ఎంతిస్తుందో తేలిపోతుంది. తేలిపోయాక ఇక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది?

లెక్కలు ఇష్టమైతే నేనే ఒకటి చేసి పెడతాను. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 780. లీటరుకు 50 ఇచ్చే బండి 15.6 లీటర్లు తాగుతుంది, 60 ఇచ్చేది 13. తేడా 2.6 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున నెలకు మిగిలేది 278. ఆ పది కిలోమీటర్ల కోసం 20 వేలు ఎక్కువ పెట్టి పై మోడల్ తీసుకున్నారనుకోండి, సరిగ్గా ఆరేళ్లకు పెట్టింది వెనక్కొచ్చేస్తుంది. ఆరేళ్లెంతలో గడుస్తాయి? అప్పటికి మీరు బండి మార్చాలనుకుంటే అది మీ నిలకడలేనితనం, నా లెక్క తప్పు కాదు.

ఇక షోరూములో బండి ఎలా చూడాలన్నది. దీని మీద నాకు పట్టింపు ఎక్కువ. బండి మెయిన్ స్టాండు మీద ఉండగానే ఎక్కి కూర్చోండి. స్టాండు దించమనకండి. దించితే రెండు పాదాలు నేలకు పూర్తిగా ఆనుతున్నాయో, వేళ్ల మీద నిలబడాల్సి వస్తోందో బయటపడుతుంది. బరువు చేతుల మీదికొస్తుంది. పార్కింగులో రెండు బండ్ల మధ్య నుంచి వెనక్కి లాగే ప్రయత్నం చేశారంటే మోజంతా దిగిపోతుంది. ట్యాంకును తొడలతో పట్టుకుని, మీటరు వెలిగించి, ఫొటో దిగండి. టెస్ట్ రైడ్ తప్పదంటే షోరూము పక్క సందులో ఒక్క రౌండు చాలు. గుంత కనిపిస్తే తప్పించండి. వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

వెనక కూర్చునే మనిషిని అసలు షోరూముకే తీసుకెళ్లకూడదు. మా ఎదురింటి అబ్బాయి చెప్పింది చెప్పినట్టు చేశాడు కాబట్టి అతని బండి అంత బాగుంది. సీటు రెండు ముక్కలు, వెనక ముక్క ముందుదానికన్నా జానెడు ఎత్తు, వెడల్పు అరచేయంత, పైగా ముందుకు వాలు. తీరా వాళ్లమ్మగారు మొదటిసారి ఎక్కడానికి వచ్చారు. చీరలో ఒకవైపు కూర్చునే మనిషి. ఎడమచేత్తో కొడుకు భుజం పట్టుకుని, కుడిచేత్తో పట్టుకోవడానికి ఏదైనా ఉందేమోనని సీటు వెనక వెతికారు. అక్కడ సన్నటి ఎర్ర లైటుంది. కాళ్లు పెట్టుకునే పలక కోసం పాదం గాల్లో కాసేపు ఆడింది. శారీ గార్డు ఉంటే లుక్కు చెడుతుందని డెలివరీనాడే నేను తీయించేశాను. వెనక కూర్చునేవారికి పట్టుకునే హ్యాండిలూ, ఫుట్‌రెస్టూ, కనీసం సగం వెనక చక్రాన్ని కప్పే రక్షణా ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. నిబంధనలు రాసినవాళ్లకు అందం గురించి ఏం తెలుసు? ఆవిడ దిగి, కొంగు దులుపుకుని, ‘నువ్వెళ్లు నాన్నా, నేను ఆటోలో వస్తా’ అన్నారు. ఇప్పుడు ఆవిడా ఆటోలోనే, నెల సరుకులూ ఆటోలోనే. బండి మీద ఒక్క గీత పడలేదు, చూడండి.

బ్రేకుల గురించి ఎక్కువ ఆలోచించకండి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండి 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపైతే కనీసం సీబీఎస్ ఉండాలన్నారు. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడటం. ప్రభుత్వమే చూసుకుంది కాబట్టి ముందు డిస్కు కోసం ఇంకో నాలుగైదు వేలు దండగ. వానాకాలంలో మోకాటిలోతు నీళ్లు దాటాక డ్రమ్ములు తడిసి కాసేపు పట్టవు, అంతే. ఆ డబ్బుతో స్టిక్కరింగ్ చేయించండి.

డబ్బు సంగతికొస్తే, మొత్తం ఎంతవుతుందని ఎప్పుడూ అడక్కండి. నెలకెంత అని అడగండి. 80 వేల లోను, మూడేళ్లు, పది శాతం ఫ్లాట్ వడ్డీ అంటారు. వడ్డీ 24 వేలు, నెలకు 2,889. మీరు కడుతున్నకొద్దీ అసలు తగ్గుతూనే ఉంటుంది గానీ వడ్డీ మాత్రం మొదటిరోజు తీసుకున్న 80 వేల మీదే చివరిదాకా నడుస్తుంది. తగ్గే అసలు మీద లెక్కగట్టే బ్యాంకు భాషలో చెప్పాలంటే అది దాదాపు 18 శాతం. ‘పది’ అన్న మాట వినడానికి హాయిగా ఉందా లేదా? అది చాలు.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలా అని బెంగపడకండి. కొటేషన్‌లో హ్యాండ్లింగ్ చార్జీలని ఒక లైనుంటుంది, కోటింగని ఒక లైను, మీరు కోరని ఫిట్టింగులకు ఒక లైను. ఇవి తీసేసి ఎంతో చెప్పండి అనడం మర్యాద కాదు. ఇన్సూరెన్స్ బయట కూడా తీసుకోవచ్చు, కానీ కాఫీ ఇచ్చినవాళ్లను కాదని వెళ్తామా? కొత్త బండితో పాటు హెల్మెట్ కంపెనీయే ఇవ్వాలని ఆ మోటారు వాహనాల నిబంధనల్లోనే 138వది చెబుతుంది. అడిగి చిన్నతనం తెచ్చుకోకండి. వాళ్లే బిల్లులో రాసి ఇస్తారు.

ముహూర్తం మాత్రం వదలొద్దు. రాత్రి ఎనిమిది దాటాక, షట్టరు సగం దించే వేళకు ఉంటే శ్రేష్ఠం. ఆ వెలుతురులో ట్యాంకు మీద సొట్టలు కనిపించవు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాల్లో ఉన్నవేనా అని టార్చి వేసి చూసేవాడు పంతులుగారిని నిలబెట్టేస్తాడు. నిమ్మకాయలు తొక్కించి బయటపడండి. రిజిస్ట్రేషన్ నంబరు కూడితే తొమ్మిది రావాలి. దానికి ఎంతైనా పెట్టొచ్చు, టైర్ల మీద మిగిలించొచ్చు.

ఇంటికొచ్చాక వంద రూపాయల పెట్రోలు సూత్రం పాటించండి. హైదరాబాద్‌లో ఇప్పుడు వందకు లీటరు కూడా రాదు కాబట్టి బండి ఎప్పుడూ తేలిగ్గా ఉంటుంది. 2020లో బీఎస్6 వచ్చాక చాలా బండ్లకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, దాంతో పాటే రిజర్వు నాబ్ కూడా పోయింది. లోపల పంపు పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుందని మెకానిక్ చెబుతాడు. అతనికీ ఏదో ఒకటి చెప్పాలి కదా. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన రోజున పాత బండిలా తోసి స్టార్టు చేయబోతే పంపు తిరగదు, బండి కదలదు, చుట్టుపక్కలవాళ్లంతా గుమిగూడతారు. పరిచయాలు పెరుగుతాయి.

మొదటి సర్వీసు ఓనర్ బుక్కులో రాసిన కిలోమీటర్లకు కాకుండా తీరిక దొరికినప్పుడు చేయించండి. చైను కిర్రుమంటే పాటలు పెట్టుకోండి.

ఇవన్నీ పాటిస్తే ఏడాది తిరక్కుండానే బండి అమ్మేయాలనిపిస్తుంది. మొహమాటపడకుండా నా దగ్గరికి రండి. ఈ మోడల్ కోసమే ఓ కుర్రాడు ఎదురుచూస్తున్నాడు, అతనికి కూడా నేనే చెప్పాను.